ఢిల్లీ నుంచి పొలం గట్టుకు కబురు

టెలివిజన్ పెట్టె నుంచి కృత్రిమ మేధ దాకా: రైతుకు చేరిందెంత? చేరనిదెంత?

న్యూఢిల్లీ: దేశ రాజధాని చుట్టుపక్కల ఎంపిక చేసిన 80 గ్రామాలలో 1967 జనవరి 26న సామూహిక టెలివిజన్ పెట్టెల ముందు కూర్చున్న రైతులకు 'కృషి దర్శన్' తొలి ప్రసారం అందింది. ఆ తరువాత 57 సంవత్సరాలకు, 2024 మే 26న, దూరదర్శన్‌కు చెందిన 'డీడీ కిసాన్' ఛానెల్ 'కృష్', 'భూమి' అనే ఇద్దరు కొత్త యాంకర్లను తెర మీదికి తెచ్చింది. వారు మనుషులు కారు, కంప్యూటర్ సృష్టించిన రూపాలు. స్వదేశీ, విదేశీ భాషలు కలిపి 50 భాషలలో వారు మాట్లాడగలరని, ఆగకుండా, అలసిపోకుండా ఏడాదిలో 365 రోజులూ వార్తలు చదవగలరని ఛానెల్ ప్రారంభమై తొమ్మిదేళ్లయిన సందర్భంగా అధికారులు ప్రకటించారు.

ఈ రెండు తేదీల నడుమ ఢిల్లీ నుంచి పొలానికి కబురు మోసే సాధనాలు ఎన్నోసార్లు మారాయి. కబురు విన్న రైతు తిరిగి ఒక ప్రశ్న వేస్తే జవాబు చెప్పేదెవరన్నది మాత్రం ఆనాడు ఎంత చిక్కు ప్రశ్నో ఈనాడూ అంతే చిక్కుగా ఉంది.

ఢిల్లీలో టెలివిజన్ కేంద్రం 1959 సెప్టెంబర్ 15న ప్రయోగాత్మకంగా ప్రారంభమైనా, దానిని పల్లెకు తీసుకుపోవాలన్న పట్టుదల అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్‌ది. అణుశక్తి శాఖ, భారత వ్యవసాయ పరిశోధన సంస్థ, ఢిల్లీ పాలనా యంత్రాంగం, అప్పట్లో టెలివిజన్‌ను కూడా నిర్వహిస్తున్న ఆకాశవాణి కలిసి 'కృషి దర్శన్'కు రూపమిచ్చాయి. కార్యక్రమం వారానికి రెండు రోజులు, రోజుకు 20 నిమిషాలు మాత్రమే. ప్రసారం ముగిసిన తరువాత టెలీ క్లబ్బులలో రైతులు చూసినదానిపై చర్చించుకునేవారు.

ఆ ప్రయత్నానికి ఒక అనుకూలత ఉంది. పొట్టి గోధుమ వంగడాల విత్తనోత్పత్తికి ఎం.ఎస్.స్వామినాథన్ బృందం 1960వ దశకంలో ఎంచుకున్న జౌంతీ గ్రామం ఢిల్లీ పరిధిలోనిదే. వ్యవసాయ పరిశోధన సంస్థ కూడా బీహార్‌లోని పూసాలో 1934 భూకంపానికి దెబ్బతిని, 1936లో ఢిల్లీకి తరలివచ్చి అక్కడే స్థిరపడింది. శాస్త్రవేత్త తెర మీద చెప్పిన వంగడం పొరుగు ఊరి పొలంలో కంకి వేసి కనిపిస్తూ ఉండగా, దానిని నమ్మడం రైతుకు కష్టం కాలేదు. తరువాతి ప్రయోగాలలో ఇంత దగ్గరితనం ఎప్పుడూ కుదరలేదు.

వాటిలో అతి పెద్దది 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు జరిగిన 'సైట్' ప్రయోగం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఏడాది పాటు అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఇనుప వలతో అల్లిన గొడుగు వంటి యాంటెన్నాను పంచాయతీ కార్యాలయంపైనో, పాఠశాలపైనో నిలబెట్టి, సాయంత్రం వేళ హిందీ, తెలుగు, కన్నడ, ఒరియా భాషలలో సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ కార్యక్రమాలు చూపారు. ఉదయం వేళ పిల్లల పాఠాలు ఉండేవి. తొలిసారిగా బొమ్మ మాట్లాడటం చూసిన వేలాది తెలుగు పల్లె జనానికి ఆ ఏడాది ఒక వింత. గడువు తీరగానే నాసా తన ఉపగ్రహాన్ని తిరిగి జరుపుకుంది.

ఇదిలా ఉండగా, మనిషి ద్వారా మనిషికి చెప్పించే పద్ధతికి కూడా అదే దశకంలో ఊపు వచ్చింది. ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో 'శిక్షణ-సందర్శన' విధానం అమలైంది. గ్రామస్థాయి ఉద్యోగి నిర్ణీత రోజున, నిర్ణీత రైతుల వద్దకు, పక్షానికి ఒకసారి వెళ్లి రావాలన్నది దాని సూత్రం. 1990వ దశకంలో బ్యాంకు రుణం ఆగిపోవడంతో ఆ విధానం సన్నగిల్లింది. ఖాళీ అయిన పోస్టులు చాలా రాష్ట్రాలలో భర్తీ కాలేదు.

దాని ఫలితం 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ జరిపిన 59వ విడత సర్వేలో బయటపడింది. దేశంలోని రైతు కుటుంబాలలో ఆధునిక సేద్య పరిజ్ఞానం గురించి ఏదో ఒక మార్గాన సమాచారం పొందినవి దాదాపు 40 శాతమేనని సర్వే తేల్చింది. అందులోనూ తోటి అభ్యుదయ రైతును అడిగి తెలుసుకున్నవారు 16.7 శాతం, ఎరువులు పురుగుమందుల దుకాణదారును అడిగినవారు 13.1 శాతం, రేడియో విన్నవారు 13 శాతం, టెలివిజన్ చూసినవారు 9.3 శాతం. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి ద్వారా తెలుసుకున్నవారు 5.7 శాతం మాత్రమే. మందు అమ్ముకునే వ్యక్తే ఏ మందు కొట్టాలో చెప్పే వైద్యుడుగా మారాడన్నమాట.

వరంగల్ పత్తి పాఠం

ఆ మాట ఎంత ఖరీదైనదో తెలుగు నేలకు అప్పటికే తెలుసు. 1997-98 పంట కాలంలో వరంగల్ జిల్లాలో పత్తి చేలను లద్దెపురుగు కమ్మేసినప్పుడు రైతులు దుకాణదారు వద్ద అప్పుపై తెచ్చిన మందులను మార్చి మార్చి కొట్టారు. పురుగు చావలేదు. పంట పోయింది, అప్పు మిగిలింది. పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు ఢిల్లీ పత్రికల మొదటి పేజీలకు ఎక్కింది ఆ సంవత్సరమే.

హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ట్రిపుల్ ఐటీ) 2004లో 'ఈ-సాగు' పేరిట తన ప్రయోగానికి అదే జిల్లాను, అదే పంటను ఎంచుకుంది. కేంద్ర సమాచార సాంకేతిక శాఖ నెలకొల్పిన మీడియా ల్యాబ్ ఏషియా దీనికి చేయూత నిచ్చింది. ఊరుగొండ, గూడెప్పాడ్, ఒగ్లాపూర్ గ్రామాలలోని 1,051 పత్తి చేలను నమోదు చేశారు. రైతు అడిగినప్పుడు సలహా చెప్పడం కాక, అడగకముందే చెప్పడం దీని ప్రత్యేకత. తెగులు సోకిందని రైతు గుర్తించేనాటికే ఆలస్యమవుతుంది గనుక, ప్రతి చేనుకూ క్రమం తప్పకుండా ఒక సమన్వయకర్త వెళ్లి డిజిటల్ కెమెరాతో ఆకులు, పూత, కాయల ఫొటోలు తీసేవాడు.

ఆ ఫొటోలను హైదరాబాద్‌కు చేర్చడం పెద్ద సమస్య అయింది. అప్పటి పల్లె టెలిఫోన్ తీగలు అంత భారాన్ని మోయలేవు. నిర్వాహకులు దీనికి కనుగొన్న ఉపాయం నేటి కుర్రకారుకు నవ్వు తెప్పించవచ్చు: ఫొటోలను సీడీలలోకి ఎక్కించి మామూలు కొరియర్‌లో పంపారు. హైదరాబాద్‌లోని వ్యవసాయ నిపుణులు వాటిని, ఆ చేను పూర్వ చరిత్రను చూసి ఒక్కొక్క చేనుకు విడివిడిగా సలహా రాసేవారు. రాత బరువు తక్కువ గనుక అది మాత్రం టెలిఫోన్ తీగ మీదనే ఊరికి తిరిగి వచ్చేది. దానిని కాగితంపై ముద్రించి సమన్వయకర్త రైతు చేతికి ఇచ్చేవాడు. కొరియర్ ప్రయాణంతో కలిపి ఒకటి రెండు రోజులలో పని పూర్తయ్యేది.

ప్రయోగంలో పాలుపంచుకున్న రైతులు మందుల వాడకం తగ్గించగలిగారని నిర్వాహకులు నివేదించారు. అనంతర కాలంలో దీనిని మరిన్ని పంటలకు, చేపల చెరువులకు కూడా విస్తరించారు. అయితే ప్రతి చేనుకూ మనిషిని పంపడానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న దగ్గర ఇటువంటి పథకాలన్నీ ఆగిపోతూ వచ్చాయి.

సరిగ్గా 20 ఏళ్ల తరువాత, 2024 ఆగస్టు 15న కేంద్ర వ్యవసాయ శాఖ ఢిల్లీలో ప్రారంభించిన జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థ కూడా ఫొటో మీదనే ఆధారపడింది. సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోను కృత్రిమ మేధ పరిశీలించి పురుగును గుర్తిస్తుంది. 61 పంటలు, 400కు పైగా తెగుళ్లు పురుగులు దీని పరిధిలో ఉన్నాయని ప్రభుత్వం చెబుతోంది. సీడీ అక్కరలేదు, కొరియర్ అక్కరలేదు. చేనుకు వెళ్లి ఆకు వెనుకవైపు తిప్పి చూసే సమన్వయకర్త కూడా ఈ ఏర్పాటులో లేడు. ఫొటో తీయవలసినది ఎప్పుడో రైతుకే తెలియాలి.

ఒక నంబరు, అనేక యాప్‌లు

ప్రభుత్వ సేవలలో ఎక్కువ కాలం నిలిచినది 2004 జనవరి 21న మొదలైన కిసాన్ కాల్ సెంటర్. 1800-180-1551 అనే ఉచిత నంబరుకు ఉదయం 6 గంటల నుంచి రాత్రి 10 గంటల వరకు ఫోన్ చేయవచ్చు. వ్యవసాయ పట్టభద్రులు రైతు భాషలోనే మాట్లాడతారు, వారికి తెలియనిది పై స్థాయి నిపుణులకు బదలాయిస్తారు. వాన ఎప్పుడు, పురుగుకు ఏ మందు అన్నవి ఎక్కువగా వచ్చే ప్రశ్నలలో ఉన్నాయి. ఈ సేవకు పెద్ద ప్రచారం లేదు. అవతల మాట్లాడేది మనిషి కావడమే దీని బలమని చెప్పాలి.

2013 జులై 16న నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 'ఎంకిసాన్' సంక్షిప్త సందేశాల సేవను ప్రారంభించారు. 2023 సెప్టెంబర్‌లో 'కిసాన్ ఈ-మిత్ర' వచ్చింది. పీఎం-కిసాన్ సొమ్ము తన ఖాతాలో ఎందుకు పడలేదని రైతు గొంతుతో అడిగితే యంత్రమే బదులిస్తుంది. తెలుగుతో సహా 11 ప్రాంతీయ భాషలలో రోజుకు 20,000కు పైగా ప్రశ్నలకు ఇది జవాబిస్తోందని 2025లో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

సందేశం ఒక్కటే సేద్యం తీరు మార్చగలదా అన్నదానికి 2025 ఖరీఫ్ కొంత సమాధానం ఇచ్చింది. రుతుపవనాల రాకను కృత్రిమ మేధ నమూనాల ద్వారా నాలుగు వారాల ముందుగా అంచనా వేసి 13 రాష్ట్రాలలో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు 'ఎంకిసాన్' ద్వారా సందేశాలు పంపారు. ఆ ఏడాది రుతుపవనాలు తొందరగా వచ్చి నడుమ ఆగిపోయాయి. ఆ విరామాన్ని కూడా ఈ నమూనాలు పసిగట్టాయని వ్యవసాయ శాఖ వెల్లడించింది. అనంతరం మధ్యప్రదేశ్, బీహార్ రాష్ట్రాలలో ఫోన్ ద్వారా విచారించగా, 31 నుంచి 52 శాతం మంది దుక్కి, విత్తే సమయం, పంట ఎంపికలో మార్పులు చేసుకున్నట్లు చెప్పారు. విత్తనం ఒకసారి మాడిపోతే తిరిగి కొనలేని మెట్ట రైతుకు ఇది చిన్న విషయం కాదు.

పొరుగువాని మాట విలువ ఏమిటో మరో ప్రయోగం తెలియజేసింది. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనా కేంద్రంలో రికిన్ గాంధీ ప్రభృతులు మొదలుపెట్టిన 'డిజిటల్ గ్రీన్' 2008లో స్వతంత్ర సంస్థ అయింది. ఊరి రైతు చేత ఊరి పొలంలోనే వీడియో తీయించి, ఆ ఊరివారికే చూపడం దాని పద్ధతి. కర్ణాటకలోని 16 గ్రామాలలో 13 నెలలు జరిపిన తొలి పరీక్షలో, పాత విస్తరణ పద్ధతితో పోలిస్తే కొన్ని మెలకువలను అనుసరించిన రైతుల సంఖ్య ఏడు రెట్లు పెరిగిందని, ఖర్చు లెక్కన ఫలితం పది రెట్లు మెరుగని పరిశోధకులు ప్రకటించారు. వీడియో చూసినవారు మొదట అడిగేది మందు పేరు కాదట, తెర మీది రైతు పేరు, అతని ఊరి పేరు. ఊరి మనిషి పక్కన ఉండి వీడియోను మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకపోతే ఆ ఫలితం రాలేదన్నది కూడా వారి పరిశీలనే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్య కార్యక్రమం ఈ పద్ధతిని మహిళా సంఘాల సమావేశాలలో వాడుకుంది.

రద్దయిన 199 యూనిట్లు

మధ్యవర్తి అవసరం లేదనుకుంటే ఏమవుతుందన్నది ఢిల్లీ లోధీ రోడ్డులోని వాతావరణ శాఖ కార్యాలయం నుంచి వెలువడిన ఒక ఉత్తర్వుతో చర్చకు వచ్చింది. కృషి విజ్ఞాన కేంద్రాలలో 2018 నుంచి నెలకొల్పుతూ వచ్చిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు 2024 మార్చితో మూతపడ్డాయి. ఈ యూనిట్లలోని నిపుణులు ప్రతి మంగళ, శుక్రవారాలలో వాన అంచనాను పంట సలహాగా మార్చేవారు. రేపు వాన ఉందంటే నేడు యూరియా వేయవద్దని, గాలి ఉద్ధృతంగా ఉంటే మందు పిచికారీ ఆపమని స్థానిక భాషలో రాసి వాట్సాప్ బృందాలకు పంపేవారు. వివరాల సేకరణ యంత్రాల ద్వారానే సాగుతున్నందున ఇంతమంది సిబ్బంది అక్కరలేదన్న నీతి ఆయోగ్ అభిప్రాయం ఈ నిర్ణయానికి కారణమని వార్తలు వచ్చాయి. సిబ్బంది దానిని ఖండించారు. వివరాలు యంత్రం తెచ్చినా సలహా తయారుచేసేది తామేనన్నది వారి వాదన. వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో అంతకుముందు నుంచి ఉన్న 130 యూనిట్లు మాత్రం కొనసాగాయి. ఒక్కొక్కటి పలు జిల్లాలను చూడవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో జిల్లా యూనిట్లను పునరుద్ధరించే ఆలోచన ఉన్నట్లు శాఖాధికారులు సూచించారు.

ఆసక్తికరమైన విషయమేమంటే, రైతుపై నిఘాకు మాత్రం సాంకేతిక పరిజ్ఞానం కొరత ఎన్నడూ రాలేదు. పూసా ప్రాంగణంలోని ప్రయోగశాల ఒకటి ఏటా సెప్టెంబర్ 15 నుంచి నవంబర్ 30 వరకు ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలలో వరి కొయ్యలు తగులబెట్టిన మంటలను ఉపగ్రహాల ద్వారా లెక్కించి రోజువారీ ప్రకటన విడుదల చేస్తుంది. ఏ జిల్లాలో ఎన్ని మంటలో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

ఫోన్ ఎవరి చేతిలో?

అరచేతిలోని ఫోన్ అన్నిటికీ జవాబన్న ధోరణి రాజధాని సదస్సులలో తరచు వినిపిస్తుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గ్రామాలలో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 24.6 శాతమే, పురుషులు 48.7 శాతం. నాట్లు, కలుపు, పత్తి ఏరివేత వంటి పనులలో అధిక భాగం చేసేది స్త్రీలేనన్నది గుర్తుంచుకోవాలి.

గురుగ్రామ్ ఐటీ భవనాలకు కొద్ది దూరంలో, జాతీయ రాజధాని ప్రాంతంలోనే ఉన్న హర్యానాలోని నూహ్ (పూర్వపు మేవాత్) 2018లో నీతి ఆయోగ్ ప్రకటించిన 101 వెనుకబడిన జిల్లాల పట్టికలో అట్టడుగున నిలిచింది. అక్కడి ఘాఘస్ గ్రామం నుంచి 2012లో మొదలైన 'అల్ఫాజ్-ఏ-మేవాత్' సామాజిక రేడియో సేద్యం, నీటి పొదుపు, పంచాయతీ పనుల గురించి స్థానిక యాసలో మాట్లాడుతుంది. చదువు రాకపోయినా వినవచ్చు, అడగవలసినది ఫోన్ చేసి అడగవచ్చు.

ఈ బాటలో మొదట నడిచినవారు తెలుగు మహిళలు. మెదక్ జిల్లా (నేటి సంగారెడ్డి) జహీరాబాద్ సమీపంలోని మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1998లోనే యునెస్కో తోడ్పాటుతో స్టూడియో కట్టింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతించే విధానం ఢిల్లీలో 2006 వరకు రాలేదు. ఈ లోగా దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలు, మిశ్రమ పంటల గురించి తామే మాట్లాడి రికార్డు చేసిన క్యాసెట్లను సంఘం సమావేశాలలో వినిపించుకున్నారు. లైసెన్సు వచ్చి 'సంగం రేడియో' గాలిలోకి ఎక్కింది 2008 అక్టోబర్ 15న. దశాబ్దం పాటు సాంకేతికత సిద్ధంగానే ఉంది, కాగితమే రాలేదు.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. యంత్రం తెలుగు నేర్చింది, నిజమే. అయితే సలహా హెక్టారుకు ఇన్ని కిలోలని వస్తే సెంట్లలో కొలిచే కోస్తా రైతు, గుంటలలో కొలిచే తెలంగాణ రైతు లెక్క వేసుకోవలసిందే. మందును రైతు కలిపేది ట్యాంకు లెక్కన.

ఉభయ తెలుగు రాష్ట్రాలు ఊరిలో ఒక గదిని, ఒక ఉద్యోగిని నిలబెట్టి తెరను దానికి తోడు చేసే మార్గాన్ని ఎంచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాలు 2024లో ప్రభుత్వం మారాక రైతు సేవా కేంద్రాలయ్యాయి. తెలంగాణలో 2020లో నిర్మాణం మొదలైన 2,601 రైతు వేదికలలో 2024 మార్చి 6న 'రైతు నేస్తం' పేరిట వీడియో సమావేశాలు ఆరంభమయ్యాయి. తొలి విడత 110 వేదికలను వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో అనుసంధించారు. రైతు ప్రశ్న వేస్తే అటునుంచి శాస్త్రవేత్త బదులిస్తాడు.

కార్డులో లేని రైతు

ఇకపై ఈ సేవలన్నిటికీ తాళంచెవి రైతు గుర్తింపు సంఖ్య కానుంది. 2024 సెప్టెంబర్ 2న కేంద్ర మంత్రివర్గం రూ.2,817 కోట్లతో ఆమోదించిన డిజిటల్ వ్యవసాయ మిషన్ కింద 2026-27 నాటికి 11 కోట్ల మందికి ఈ సంఖ్య ఇవ్వాలన్నది లక్ష్యం. భూమి రికార్డు, పంట నమోదు, పథకాల సొమ్ము, సలహా అన్నీ దానికే ముడిపడతాయి.

సంఖ్యకు ఆధారం భూమి రికార్డు. రికార్డులో పేరున్నది యజమానికి. దేశంలో కౌలు సేద్యం అత్యధికంగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గోదావరి, కృష్ణా డెల్టాలలో మడిలో దిగి నాట్లు వేయించేది చాలాచోట్ల కౌలుదారు, పట్టాదారు పాసు పుస్తకం ఉన్నది పట్నంలో. వరికి దోమపోటు హెచ్చరిక వచ్చినా అది మోగేది యజమాని ఫోన్‌లోనే. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు కార్డు ఇస్తారు. దానికి యజమాని సంతకం కావాలి. కార్డు గడువు 11 నెలలు.